నీలం అని నేను రాసిన కారు

సత్తెమ్మ ఆటో దిగి, తమ్ముడి చెయ్యి పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. పొద్దున పదకొండు దాటింది. నాచారంలో చిన్న ఫ్యాక్టరీల సందు చివర, రేకుల కప్పు కింద, కొత్త రంగుతో ఆ పాత కారు నిలబడి ఉంది. దుమ్ము లేవకుండా నేలంతా నీళ్లు చల్లారు. బానెట్ మీద బంతిపూల దండ వేశారు. షెడ్డు యజమాని ఐలయ్య ఆ రోజు ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. నేను చాయ్ గ్లాసుతో ఒక మూలన నిలబడ్డాను.

ఆమెకు అప్పటికే చూపు సన్నగిల్లింది. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా కొంత మేర మాత్రమే కనిపించేది. అందుకని తల మెల్లగా తిప్పుతూ కారును ముక్కలు ముక్కలుగా చూసింది. ముందు దీపాలు, బానెట్, తలుపు, వెనక మడ్‌గార్డు. తర్వాత మళ్లీ తలుపు దగ్గరికే వచ్చి ఆగింది.

"ఎవలది తమ్మీ గీ కారు?" అంది.

మల్లేశం నవ్వాడు. అక్క పరాచికం ఆడుతోందనుకున్నాడు. "మనదేనే అక్కా. బాపు కారు. జర మంచిగ సూడు."

"మంచిగనే సూస్తున్న. మన కారు గీ రంగు లేకుండె."

ఐలయ్య ముందుకొచ్చాడు. "గట్లంటవేందమ్మా? పేపర్ల అచ్చయింది గద. ఫోటోల గూడ నీలమే ఉన్నది."

"పేపరోడు ఎన్నడు సూశిండు మా కారు?"

ఆ పేపరోడిని నేనే. చాయ్ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.

నా పని

ముప్పై ఏళ్లు దినపత్రికలో పనిచేశాను. చివరి పదేళ్లు ఉప్పల్, నాచారం, మల్లాపూర్, అటు జవహర్‌నగర్ దాకా నా ప్రాంతం. నల్లా నీళ్లు, రోడ్డు గుంతలు, ఫ్యాక్టరీ ప్రమాదాలు, కార్పొరేటర్ల మాటలు, చెత్తకుప్ప పొగ. ఇవే నా వార్తలు. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కనబడితే, మీరు రాసిన పెద్ద వార్త ఏది సార్ అని అడుగుతారు. పెద్ద వార్తలు ఎవరు రాసినా ఒకలాగే ఉంటాయి. వాటిని నలుగురు సరిచూస్తారు, పక్క పత్రికతో పోల్చి చూస్తారు. తప్పు దొరికిపోతుంది. అసలు భయపడాల్సింది మా ప్రాంతానికి మాత్రమే వేసే జోన్ పేజీ అడుగున పడే చిన్న ఫీచర్‌కు. దాన్ని ఎవరూ సరిచూడరు. దానిలో ఉన్న మనుషులు మాత్రం కత్తిరించి దాచుకుంటారు.

ఈ కారు కథ అలాంటి ఫీచరే. రాష్ట్రం రావడానికి మూడు నాలుగేళ్ల ముందు మాట. ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేవడం మొదలవుతున్న కాలం.

అప్పట్లో నాకో అలవాటు ఉండేది. పొద్దున్నే పోలీస్ స్టేషన్, మున్సిపల్ ఆఫీసు చుట్టి వచ్చాక బండి ఐలయ్య షెడ్డు ముందు ఆపేవాణ్ని. వార్త కోసం కాదు. ఆ పని చూడటం కోసం. రిటైరయ్యాక చాలామంది ప్రెస్ క్లబ్బు గుర్తొస్తుందంటారు. నాకు ఆ సుత్తి చప్పుడు గుర్తొస్తుంది. రేకు లోపలి వైపు ఇనుప దిమ్మ ఆనించి, పైనుంచి చిన్న సుత్తితో టక్ టక్ అని కొడుతూ వంకర తీస్తుంటే, ఆ చప్పుడు మెల్లమెల్లగా మారేది. సొట్ట ఉన్నంతసేపు బొంగురుగా ఉండి, రేకు సాపు అవుతున్న కొద్దీ గంటలా మోగేది. ఇప్పుడు మా ఇంటి చుట్టుపక్కల అంతా అపార్ట్‌మెంట్లు. డ్రిల్లింగ్ మిషన్ల మోత తప్ప ఇంకేమీ వినబడదు.

ఐలయ్యది జనగామ వైపు. చిన్నప్పుడు పని వెతుక్కుంటూ వచ్చి, లారీల బాడీలు కట్టే చోట నేర్చుకుని, తర్వాత సొంత షెడ్డు వేసుకున్నాడు. డెంటింగ్, పెయింటింగ్ రెండూ తనే చేసేవాడు. కళ్లను పెద్దగా నమ్మేవాడు కాదు. రేకు మీద పాత బనియన్ గుడ్డ పరిచి, దాని మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని నెమ్మదిగా జరిపేవాడు.

"ఉత్త చెయ్యికి తెల్వదు సార్. నడుమ గుడ్డ ఉంటే గీ సన్న అల గూడ దొరుకుతది," అనేవాడు. "కండ్లు మోసం జేస్తయి. చెయ్యి అబద్ధం జెప్పది."

పుట్టీ అంటే అతనికి మంట. సొట్ట మీద మందంగా పుట్టీ పూసి రంగు కొట్టి పంపే షెడ్లు ఉప్పల్ రోడ్డు మీద చాలా ఉండేవి. అలాంటి బండి రిపేరుకు వస్తే తలుపు మీద వేలితో తట్టి, నా వైపు చూసి, "ఇనబడ్డదా? గోడకు కొట్టినట్టు మొద్దు సప్పుడు. లోపట రేకు లేదు, మట్టే ఉన్నది. మీ పేపర్ల గూడ గిట్ల పుట్టీ వార్తలు ఉంటయా సార్?" అని నవ్వేవాడు. ఉంటాయని నేనూ నవ్వేవాణ్ని.

బాపు కారు

ఆ షెడ్డుకు ఒక రోజు ట్రాలీ మీద కారు వచ్చింది. యాభైల నాటి చిన్న ఇంగ్లీషు కారు. ఇక్కడివాళ్లు బేబీ కారు అనేవాళ్లు. కింది అంచులన్నీ తుప్పు తినేశాయి. అడుగు రేకులోంచి నేల కనబడుతోంది. దానితో పాటు వచ్చినవాడు మల్లేశం. మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి మానేశాడు. పాత నాచారం ఊరివాడు. వాళ్లకు ఇక్కడే జొన్న చేలు ఉండేవి. పారిశ్రామికవాడ కోసం భూములు తీసుకున్నప్పుడు, వచ్చిన పైసలతో అందరూ ఇళ్లో, బంగారమో చూసుకుంటే మల్లేశం తండ్రి సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. ఊరంతా నవ్విందట.

ఆ కారుతో అతను చేసిన పని ఒకటే. సాయంత్రం పెద్దకూతురు సత్తెమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, కంచె వేసిన తమ చేల చుట్టూ ఒక చక్కరు కొట్టడం. ఇదిగో మన బాయి, అదిగో మన గెట్టు అని చూపించడం. రెండేళ్లు తిరగకముందే చేతిలో డబ్బు అయిపోయి, టాక్సీ నడుపుదామని దానికి నల్లరంగు కొట్టించాడు. టాక్సీ నడవలేదు. కారు ఇంటి వెనక ఆగిపోయింది. నలుపు వేసేనాటికి సత్తెమ్మకు పన్నెండేళ్లు. మల్లేశానికి మూడో నాలుగో.

ఇప్పుడు ఎందుకు బాగు చేయిస్తున్నావని మొదటి రోజే అడిగాను.

"అక్క కండ్లు పోతున్నయి సార్. నరం ఎండుతున్నదంట. ఉన్నది ఉన్నట్టు ఆపుతం గని, పోయింది తేలేమన్నరు డాక్టర్లు. 'పొలం పాయె, బాయి పాయె. బాపు కారు ఒక్కసారి పాత రంగుల సూస్త తమ్మీ' అన్నది. ఎప్పుడు ఏమీ అడగలే సార్ ఆమె. గిదొక్కటి అడిగింది."

ఆ రోజు నుంచి ఆ కారుకు ఒక గడువు పడింది. ఎంత గడువో ఎవరికీ తెలియదు.

ఆనవాలు

పని ఏడాదికి పైగా సాగింది. తుప్పు పట్టినంత మేర కోసేసి, కొత్త రేకు కత్తిరించి, గ్యాస్‌తో అతికించి, అతుకు కనబడకుండా కొట్టాలి. ఒక తలుపు కింది భాగమే ఇరవై రోజులు తిన్నది. మధ్యలో బందులు. ఉద్యమం జోరుగా ఉన్న రోజులు కాబట్టి షెడ్డు తెరిచిన రోజుల కన్నా మూసిన రోజులే ఎక్కువ అనిపించేది. తెరిచిన రోజు కరెంటు ఉండేది కాదు. కరెంటు లేకపోతే కంప్రెసర్ లేదు, కంప్రెసర్ లేకపోతే రంగు లేదు. మల్లేశం వచ్చి కూర్చుని, "ఐలన్నా, రాష్ట్రం ముందొస్తదా, నా కారు ముందొస్తదా?" అనేవాడు. "రెండూ నీ చేతుల లేవు మల్లన్నా, చాయ్ తాగు," అనేవాడు ఐలయ్య.

ఇక్కడ ఐలయ్య పద్ధతి ఒకటి చెప్పాలి. పాత బండి గీకేటప్పుడు ఎక్కడో ఒకచోట అరచేతి మేర అసలు రంగును ముట్టుకోకుండా వదిలేసేవాడు. దాన్ని ఆనవాలు అనేవాడు. కొత్త రంగు కలిపి, దాని పక్కన పెట్టి, ఎండలో ఓసారి, నీడలో ఓసారి యజమానికి చూపించి, అతను సరే అన్నాకే ఆ ముక్కను గీకేవాడు. ఎంత తొందర ఉన్నా ఆ వరుస తప్పేవాడు కాదు.

ఈ కారుకు ఆనవాలు వెనక నంబర్ ప్లేటు కింద దొరికింది. నల్లరంగు కొట్టినవాడు బద్ధకించి ప్లేటు విప్పలేదన్నమాట. మిగతా ఒళ్లంతా తుప్పు వల్ల ఐలయ్య అప్పటికే రేకు బయటపడేదాకా గీకేశాడు. ప్లేటు కింది ముక్కను కిరసనాయిలు గుడ్డతో తుడిచి నాకు చూపించాడు. మాసిపోయి, పచ్చ అనాలో బూడిద అనాలో తెలియకుండా ఉంది.

"గిది అసలు రంగా, కింది అస్తరా అన్నది నాకు సమజైతలేదు సార్," అన్నాడు. రంగు కింద వేసే మొదటి పూతను వాళ్లు అస్తర్ అంటారు. "పాత కంపెనీలు గిట్లాంటి అస్తరే కొడుతుండె. అక్కొచ్చి సూశి చెప్పాలె. అప్పటిదాంక దీన్ని ముట్ట."

సత్తెమ్మ అప్పుడు కీసర దగ్గర అత్తగారి ఊళ్లో ఉంది, ఆమె దగ్గర ఫోన్ లేదు. పంట పనులయ్యాక వస్తానంది. ఐలయ్య ఆగాడు. నేను ఆగలేదు.

కావచ్చు

ఈ వయసులో నా తప్పును ఇంకొకరి మీదికి నెట్టను. అయితే జరిగింది జరిగినట్టు చెప్పాలి కాబట్టి మా డెస్కు ఇన్‌చార్జి గురించి చెబుతాను. ఆయన్ని మూర్తి గారు అందాం. నాకు పని నేర్పినవాడు ఆయనే. చేరిన కొత్తలో ఒక వానాకాలం, నాలా మీది వంతెన కొట్టుకుపోయిందని ఎవరో చెప్తే రాసేశాను. ఆయన కాగితం నా ముందు పెట్టి, "నువ్వు చూశావా?" అన్నాడు. వానలో వెనక్కి పంపాడు. వంతెన నిక్షేపంగా ఉంది, దాని మీది నుంచి నీళ్లు పోతున్నాయి, అంతే. అప్పటినుంచి ఆయన మాటంటే నాకు గురి.

అదే మూర్తి గారికి కారు కథ చెప్పాను. పేజీకి రంగులు వచ్చిన కొత్త. ఆయనకు బాగా నచ్చింది. "బొమ్మ ఏదైనా ఉందా?" అన్నాడు. మల్లేశం ఇచ్చిన పాత ఫోటో ఉంది. తండ్రి కారుకు ఆనుకుని నిలబడ్డాడు, రెండు జడల సత్తెమ్మ బానెట్ మీద చెయ్యి వేసింది. బ్లాక్ అండ్ వైట్.

"కారు రంగేమిటి?"

"నీలం కావచ్చు అంటున్నాడండి తమ్ముడు. వాళ్ల అక్క వస్తే తెలుస్తుంది."

"కావచ్చు అనేది వార్త కాదయ్యా. నీలమా, కాదా?"

కీసర ఎంత దూరం! బండి మీద ముప్పావు గంట. పోయి ఆమెను ఒక్క మాట అడిగి రావచ్చు. కానీ ఆ రోజు పేజీకి ఫీచర్ కావాలి. మల్లేశానికి ఫోన్ చేశాను. "నీలమే అయ్యుండాలె సార్, మా చిన్నాయిన గట్లనే అంటుండె," అన్నాడు. కారు కాగితాలు అతని పేరు మీద ఉన్నాయి, అతనే బాగు చేయిస్తున్నాడు, కాబట్టి అతని మాట చాలనుకున్నాను. ఆ కారులో కూర్చుని తిరిగిన మనిషిని అడగాలని తోచలేదు. చాలా ఏళ్లు మేం అలాగే రాశాం. కాగితం ఎవరి పేరు మీద ఉంటే వాళ్లను అడిగేవాళ్లం, చూసినవాళ్లను కాదు. 'ఆకాశనీలం రంగు' అని రాసి పంపాను. ఆకాశం అన్న మాట మల్లేశం కూడా అనలేదు. అది నా పుట్టీ.

మర్నాడు పేజీ చూశాను. మా ఆర్టిస్టు ఆ పాత ఫోటోకు కంప్యూటర్‌లో రంగులు వేశాడు. తండ్రికి తెల్ల ధోవతి, అమ్మాయికి ఎర్ర లంగా, కారుకు ఆకాశనీలం. ఎంత బాగా కుదిరిందంటే, నిన్ననే తీసినట్టు ఉంది. రంగులు మేం వేసినవని కింద ఎక్కడా లేదు. నాకు తెలుసు, మూర్తి గారికి తెలుసు, ఆర్టిస్టుకు తెలుసు. చదివేవాళ్లకు ఎలా తెలుస్తుందన్న ఆలోచన ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. మూర్తి గారు భుజం తట్టాడు. నేను పొంగిపోయాను.

ఐలయ్య పేజీని కత్తిరించి షెడ్డు గోడకు అంటించాడు. తర్వాత అతనే నాకు చెప్పాడు. ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడట. నంబర్ ప్లేటు కిందిది అస్తరే అన్నమాట, ఫోటోలో నీలం కనబడుతోంది కదా, ఇంకా అక్క కోసం ఆగడం ఎందుకు, ఆగిన కొద్దీ ఆమె కళ్లే కదా పోయేది అనుకున్నాడట. తడిపి రుద్దే గరుకు వాటర్ పేపర్ తీసుకుని ఆనవాలు గీకేశాడు. ముప్పై ఏళ్ల పనిలో యజమాని సరే అనకముందు ఆనవాలు తీయడం అదే మొదటిసారి. నేను రాసింది నమ్మి తీశాడు.

రేకు ముక్కలు

బంతిపూల దండ ఉన్న ఆ పొద్దున, సత్తెమ్మ ఆ మాట అన్నాక, చాయ్ గ్లాసు నేల మీద పెట్టి ముందుకొచ్చాను. నేనే చెప్పాను, ఫోటోకు రంగు మేం వేసిందని. ఐలయ్య నా ముఖం చూశాడు. గోడ మీది కాగితం చూశాడు.

"అంటే ఫోటో రంగు దొంగదా సార్?"

"దొంగది కాదు... బొమ్మ బాగుంటుందని..."

"నేను ఆనవాలు తీసేసిన గద సార్," అన్నాడు. కోపంగా అనలేదు. ఎవరైనా చనిపోయారని చెప్పినట్టు అన్నాడు.

మల్లేశం మాత్రం కోప్పడ్డాడు. "మీకేంది సార్, రాసి పోతరు. మా అక్క కండ్లు మీ పేపర్ లెక్క రేపు మళ్ల రావు." ఆ మాట న్యాయం. ముప్పై ఏళ్లలో అంత సూటి తీర్పు నేను వినలేదు.

సత్తెమ్మే అతని మీద చెయ్యి వేసి ఆపింది. "ఊకో తమ్మీ. సారు గావాలని జేసిండా." తర్వాత ఐలయ్య వైపు తిరిగి, "పాలు పట్టిన జొన్న కంకి ఉంటది సూడు బిడ్డా. పచ్చగుండది, తెల్లగుండది. గట్లుంటుండె," అంది. "పొద్దుగూకాల బాపు కారు కంచె బయటి చేను పక్కకు ఆపితే, ఏది కారో ఏది చేనో తెల్వకపోతుండె."

ఐలయ్య ఆ వారమే నీలం మొత్తం గీకేశాడు. ఎవరూ అడగకముందే మొదలుపెట్టాడు. నేను ఆ నంబర్ ప్లేటు కింది ముక్కను గుర్తు తెచ్చుకోవడానికి ఎంత ప్రయత్నించానో చెప్పలేను. నా కళ్లతో చూశాను. నోట్‌బుక్‌లో దాని గురించి ఒక్క ముక్క లేదు. ఫోటోగ్రాఫర్ మల్లేశాన్ని తీశాడు, కారు ముఖాన్ని తీశాడు, దాన్ని తీయలేదు. ఇంటర్నెట్‌లో ఆ కంపెనీ పాత రంగుల పట్టిక వెతికి పట్టుకున్నాను. అందులో పచ్చలే నాలుగు. పైగా వీళ్లు కొన్నది సెకండ్ హ్యాండ్ బండి. మొదటి యజమాని ఏం వేయించాడో ఎవరికి తెలుసు?

ఐలయ్య అరచేతి మేర రేకు ముక్కలు కోసి, ఒక్కోదానికి ఒక్కో పచ్చ కొట్టడం మొదలుపెట్టాడు. పాలు పట్టిన కంకి చూద్దామంటే ఉప్పల్ చుట్టుపక్కల జొన్న చేను ఎక్కడుంది? అది ఆ దశలో ఉండేది కూడా కొన్ని రోజులే. కార్తీకం దాటాక, కీసర అవతల ఒక చేనులో దొరికింది. తడిగుడ్డ చుట్టి బండి మీద తెచ్చాను. మొదట పోవాల్సినప్పుడు పోని దారి అది. ఐలయ్య ఆ కంకిని పక్కన పెట్టుకుని చీకటి పడేదాకా రంగులు కలిపాడు.

మర్నాడు మల్లేశం ఇంటి ముందు ఎండలో సత్తెమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది. అప్పటికి గొట్టం ఇంకా సన్నబడింది. ఐలయ్య ఒక్కో ముక్క ఆమె ముఖం ముందు పట్టుకున్నాడు. పదకొండు ముక్కలు. ఆమె రేకును వేళ్లతో తడిమింది, దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. ఏడో ముక్క దగ్గర చాలాసేపు ఆగింది. కంకితో సరిగ్గా కలిసింది అదేనని మాకు ముగ్గురికీ తెలుసు.

"గిదేనా అక్కా?" అన్నాడు మల్లేశం.

"గిదే గావచ్చు. గాకపోవచ్చు."

"గిదే అనుకో అక్కా. కంకి లెక్కనే ఉన్నది. కొట్టిస్త. చక్కరు కొడదం."

ఆమె తల అడ్డంగా ఊపింది. "మీరు సంబరపడాలెనని ఔనంటె, రేపటిసంది నాకు గిదే యాదికొస్తది. అసలుది పోతది. బయట ఎట్లా కనవడకొచ్చె. లోపటిదన్న ఉండనియ్ తమ్మీ."

మల్లేశం లోపలికి వెళ్లిపోయాడు. ఐలయ్య ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి గుడ్డలో చుట్టాడు. నేను ఆమె కాళ్ల దగ్గర గడప మీద కూర్చున్నాను. ఆమే, "సారూ, చాయ్ తాగి పోరాదు," అంది.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. ఎవరైనా 'కావచ్చు' అంటే దాన్ని కొట్టేయకండి. ఆమె 'గావచ్చు' అని అన్నప్పుడు దాని వెనక ఎంత నిజాయితీ ఉందో నేను చూశాను. నా 'నీలం' వెనక ఏమీ లేదు. ఇంకో సంగతి. చూసినవాళ్లు బతికి ఉన్నప్పుడే వాళ్ల దగ్గరికి పోవాలి. ఇప్పటికీ కీసర వైపు పోతున్నప్పుడు రోడ్డు పక్కన ఎక్కడైనా జొన్న కనబడితే బండి ఆపుతాను. మంచి వెలుతురు ఉంటే, ఆ నంబర్ ప్లేటు కింది ముక్క కళ్ల ముందుకు వస్తుందేమో అని ఒక ఆశ. రాదు.

సవరణ వెయ్యమని మూర్తి గారిని అడిగాను. ఆయన కాదనలేదు. పెన్ను తీసి, "ఏ రంగు అని వేద్దాం?" అన్నాడు. తెలియదు అని వేద్దామన్నాను. తెలిశాక వేద్దాంలే అన్నాడు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. నేను రిటైరయ్యాను. సత్తెమ్మకు ఇప్పుడు వెలుగు ఉందా లేదా అన్నది మాత్రమే తెలుస్తుంది. కారు మల్లేశం ఇంటి పక్కన, రేకుల కింద, బూడిదరంగు అస్తర్ మీద ఉంది. ఉత్త అస్తర్ తేమను ఆపలేదు కాబట్టి, వానాకాలానికి ముందు ఐలయ్య వచ్చి తుప్పు లేచిన చోట గీకి మళ్లీ ఒక పూత వేసి పోతాడు. పైరంగు ఖరారు కాలేదు. సవరణ పడలేదు.